రంగు కోసం ఏరివేత

మా అమ్మ భీమవరం నుంచి హైదరాబాదు వచ్చినప్పుడల్లా మా హాల్లో ఉన్న గాజుతొట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. రెండడుగుల తొట్టె. అడుగున నల్ల ఇసుక, ఒక మూల నాచు కట్టిన కర్రముక్క, వాటిమీద పాకుతూ నూటయాభై దాకా ఎర్రటి రొయ్యలు. ఒక్కోటి అంగుళం కూడా ఉండదు. మొదటిసారి చూసినప్పుడు, "ఇవి పెద్దవవడానికి ఎన్నాళ్ళు పడుతుందిరా?" అని అడిగింది. ఇవి ఇంతే అమ్మా, ఇంకా పెరగవు అన్నాను. కాసేపు చూసి, "మరి దేనికి?" అంది.

ముప్ఫయ్యేళ్ళుగా రొయ్యల చెరువుల మధ్య బతుకుతున్న మనిషి అడగాల్సిన ప్రశ్నే అది. మా వైపు రొయ్య అంటే కౌంటు. కిలోకి ఎన్ని తూగాయన్నదే లెక్క. 30 కౌంటు అయితే పండగ, 100 కౌంటు అయితే అప్పు. రంగు గురించి ఎవరైనా మాట్లాడారంటే చెరువులోకి తెల్లమచ్చ వచ్చిందని అర్థం. 1994, 95 సంవత్సరాల్లో ఆ మాట విన్న ఇళ్ళలో పొయ్యి వెలగని రోజులు నాకు గుర్తున్నాయి. అలాంటి ఇంట్లో పుట్టినవాడు రొయ్యని రంగు చూసి పెంచుతున్నాడంటే అమ్మకి నవ్వొచ్చింది, నాకు కొంచెం సిగ్గేసింది.

రంగు కోసం అని చెప్పాను గానీ, ఆ రంగు ఎక్కణ్ణుంచి వచ్చింది, దానికోసం ఎవరు ఏమేం చేశారు అని వెతకడం మొదలుపెట్టింది ఆ తర్వాత రెండేళ్ళకి, నేనో పెద్ద పొరపాటు చేశాక. ఆ పొరపాటు దగ్గరికి మెల్లగా వద్దాం.

*

నా తొట్టెలో ఉన్నవాటి శాస్త్రీయ నామం నియోకారిడినా డేవిడి. పేరులో ఉన్న డేవిడ్ 19వ శతాబ్దంలో చైనా అంతా తిరిగిన ఆర్మాన్ డేవిడ్ అనే ఫ్రెంచి మిషనరీ. మొక్కలూ పిట్టలూ జంతువులూ సేకరించి పారిస్ మ్యూజియానికి పంపేవాడు. 1869లో పాండా అనే జంతువుందని పాశ్చాత్య ప్రపంచానికి చెప్పింది ఆయనే. ఆ మ్యూజియంలో పనిచేసిన యూజీన్ లూయీ బువియే 1904లో ఈ రొయ్యని వర్ణించి, డేవిడ్ పేరు తగిలించాడు.

తర్వాత ఈ పేరు మరుగున పడింది. 2000ల్లో ఈ రొయ్యల్ని పెంచేవాళ్ళు దీన్ని రెండు మూడు వేరే పేర్లతో పిలిచేవాళ్ళు. అందులో ఒకటి డెంటిక్యులేటా సైనెన్సిస్. ఆ "సైనెన్సిస్" అన్న తోక కలకత్తాలో తగిలించిందే! 1916లో మన జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా ఏర్పడింది. దానికి మొదటి డైరెక్టరు నెల్సన్ అన్నండేల్. ఆయన అంతకుముందే జపాన్, చైనా సరస్సులన్నీ తిరిగి పోగుచేసుకొచ్చిన సీసాల్లో రొయ్యల వంతు స్టాన్లీ కెంప్‌కి వచ్చింది. కెంప్ 1918లో వాటి గురించి రాశాడు. అంటే ఇవాళ లోకమంతా తొట్టెల్లో మెరుస్తున్న ఈ ఎర్రరొయ్య చాలాకాలం తిరిగిన పేరు మన దేశంలో ఒక బల్ల మీద పెట్టింది. చివరికి పాతపేరుదే హక్కు అని తేలి, ఇప్పుడు అందరూ బువియే పెట్టిన పేరే వాడుతున్నారు.

బువియే గానీ, కెంప్ గానీ రంగు గురించి పట్టించుకోలేదు. పట్టించుకోవడానికి అక్కడ రంగే లేదు. ఈ జాతి రొయ్యల రంగు మద్యసారంలో కరిగిపోతుంది. సీసాలోకి వెళ్ళిన రొయ్య కొన్నాళ్ళకి తెల్లబడుతుంది. వర్గీకరణ చేసేవాళ్ళు చూసేది నుదుటి ముల్లు మీద ఎన్ని పళ్ళున్నాయి, మగదాని కాలు ఏ ఆకారంలో ఉంది అనే. కాబట్టి రంగుకి మ్యూజియం లేదు. ఒక పాత నాణెం దొరికితే దానిమీద ఉన్న అక్షరాల్ని బట్టి కాలం చెప్పొచ్చు. మొదటి ఎర్రరొయ్య ఎలా ఉండేదో చూపించడానికి ఏ దేశంలోనూ ఏ సీసా లేదు. ఉన్నదల్లా పెంచినవాళ్ళు చెప్పుకున్న మాటలు, కొన్ని ఫొటోలు, అమ్మకపు పేర్లు. ఈ చరిత్ర రాయబోతే వచ్చే ఇబ్బంది ఇదీ.

అడవిలో, అంటే చైనా, తైవాన్ వాగుల్లో, ఈ రొయ్య గోధుమరంగు, బురదాకుపచ్చ కలిసిన మచ్చలతో, సగం పారదర్శకంగా ఉంటుంది. వంటింట్లో రొయ్యపొట్టు డబ్బా తెరిచి, అందులో ఒకదానికి ప్రాణం పోశామనుకోండి, అలా ఉంటుంది.

*

రొయ్యలు అలంకారానికి గాజుతొట్టెల్లోకి రాలేదు, పాచి తినే పనివాళ్ళుగా వచ్చాయి. జపాన్‌లో నీగాతాకి చెందిన తకాషి అమానో 1980ల మొదట్లో మొక్కల తొట్టెలు కట్టేవాడు. మొక్కలకి వెలుతురు ఎక్కువైతే పాచి పడుతుంది. పాచిని తినే ప్రాణి ఏదని వెతికితే ఒక వాగు రొయ్య దొరికింది. దాన్ని స్టింప్సన్ అనే ఆయన 1860లోనే వర్ణించి వదిలేశాడు. అమానో చేత్తో అది ఎంత ప్రసిద్ధమైందంటే ఇవాళ దాన్ని అమానో రొయ్య అనే అంటారు.

నలభై ఏళ్ళయింది, కోట్ల తొట్టెల్లోకి వెళ్ళింది, అయినా అమానో రొయ్య ఇప్పటికీ అదే బూడిదరంగులో, పక్కన చుక్కలతో ఉంటుంది. ఎర్ర అమానో లేదు, నీలి అమానో లేదు. కారణం చిన్నదే. దాని పిల్లలు పుట్టగానే ఉప్పునీళ్ళు కావాలి, లేకపోతే చచ్చిపోతాయి. మంచినీళ్ళ తొట్టెలో తరం తర్వాత తరం తిరగదు. తరం తిరగనిచోట మనిషి ఏరుకోవడానికేం ఉండదు. నియోకారిడినా అలా కాదు. ఆడది కడుపు కింద ఇరవై ముప్ఫై గుడ్లు మోసుకుని తిరుగుతుంది. మూడు నాలుగు వారాలకి ఆ గుడ్లలోంచి తల్లికి చిన్న అచ్చులాంటి పిల్లలే నేరుగా బయటికొస్తాయి. రెండు మూడు నెలలకి అవీ గుడ్లు పెడతాయి. ఏడాదిలో మూడు నాలుగు తరాలు మన కళ్ళముందే తిరుగుతాయి. మా భీమవరం లెక్కలో చెప్పాలంటే, హేచరీ అక్కర్లేని రొయ్య.

అమానో ఊరు నీగాతా అన్నాను కదా, అక్కడికి ఇంకో సంగతుంది. ఆ రాష్ట్రంలోనే కొండల్లో యమకోషి అనే చోట రైతులు తిండికోసం పెంచుకునే కార్ప్ చేపల్లో 19వ శతాబ్దంలో ఎరుపూ తెలుపూ మచ్చలున్నవి కనిపిస్తే వాటిని విడిగా ఉంచి పెంచారు. అవే కోయ్ చేపలు. 1914లో తోక్యోలో జరిగిన ఎగ్జిబిషన్‌కి వెళ్ళాకే మిగతా జపాన్‌కి అవి తెలిశాయి. కోయ్ పెంచేవాడు పిల్లచేపల్ని ఎలా చూస్తాడో వింటే గుండె జారుతుంది. వేలకొద్దీ పిల్లల్ని తెల్ల గిన్నెల్లో పోసి, ఒక్కో విడతలో ఎక్కువ భాగం తీసేస్తూ, చివరికి పదుల్లో మిగుల్చుకుంటాడు. చైనావాళ్ళు సోంగ్ రాజుల కాలం నుంచీ బంగారుచేపల విషయంలో చేసిందీ అదే. రంగు పుట్టడం ప్రకృతి పని, అప్పుడప్పుడూ జరుగుతుంది. దాన్ని నిలబెట్టాలంటే మిగతావాటిని తీసెయ్యాలి, ప్రతి తరంలోనూ. రొయ్య దగ్గరికి వచ్చేసరికి ఆసియాలో ఈ పని ఎలా చెయ్యాలో తెలిసిన చేతులు తయారుగా ఉన్నాయి.

*

రొయ్యల్లో మొదటి పెద్ద కథ నియోకారిడినాది కాదు, దాని దాయాది తేనెటీగ రొయ్యది. దక్షిణ చైనా, హాంకాంగ్ వాగుల్లో ఉండే నలుపూ తెలుపూ పట్టీల రొయ్య. (దానికి సొంత శాస్త్రీయ నామం 2014లో గానీ రాలేదు, అప్పటికే అది లక్షల తొట్టెల్లో ఉంది.) 1990ల మొదట్లో జపాన్‌లో హిసయాసు సుజుకి అనే పెంపకందారుడి తొట్టెలో వేలాది నల్ల పట్టీల రొయ్యల మధ్య ఒక్కటి ఎర్ర పట్టీలతో కనిపించిందని ఈ రంగంలో అందరూ చెప్పుకొనే కథ. దాన్ని నల్లవాటితో కలిపితే పిల్లలన్నీ నల్లగానే పుట్టాయి. ఇక్కడ ఎవరైనా అయితే వదిలేసేవాళ్ళు. ఆయన ఆ నల్ల పిల్లల్నే వాటిలో వాటికి కలిపాడు. మనవల తరంలో నాలుగో వంతు ఎర్రవి వచ్చాయి.

పదో తరగతిలో బఠానీ గింజల మెండెల్‌ని చదివినవాళ్ళందరికీ ఇది తెలిసిన లెక్కే: అణిగి ఉండే గుణం ఒక తరం దాక్కుని, తర్వాతి తరంలో పావు వంతుగా బయటపడుతుంది. లెక్క తెలియడం వేరు, ఒక్క రొయ్యని పట్టుకుని రెండు తరాలు ఓపిగ్గా కూర్చోవడం వేరు. ఆ ఎర్ర పట్టీల రొయ్యలకి క్రిస్టల్ రెడ్ అని పేరు పెట్టారు, అక్కడినుంచి ప్రపంచానికి పిచ్చి పట్టింది.

తర్వాత గ్రేడులు వచ్చాయి. తెలుపు ఎంత ఎక్కువ, ఎంత చిక్కన అన్నదాన్నిబట్టి సి, బి, ఏ, ఎస్, ఎస్సెస్, ఎస్సెస్సెస్. వీపు మీద ఒంటరి ఎర్ర గుండ్రం ఉంటే హినొమారు, జపాన్ జెండా పేరు. తల తప్ప దాదాపు అంతా తెల్లనైతే మొసురా, సినిమాలో వచ్చే రాకాసి చిమ్మట పేరు. ఇవన్నీ చదువుతుంటే నాకు మా ఊరి సంక్రాంతి బరి గుర్తొచ్చింది. కాకి, డేగ, నెమలి, సేతువ, పింగళ, కౌజు అని ఈక రంగునిబట్టి పుంజుకి పేరు పెట్టి, ఏ రోజు ఏ రంగు ఏ రంగుమీద గెలుస్తుందో కుక్కుటశాస్త్రం తిరగేసే పెద్దమనుషులు మా చుట్టాల్లోనే ఉన్నారు. రంగుకి పేరు పెట్టగానే దానికి ధర వస్తుంది, ధర రాగానే ఆ పేరుకి సరిపోనిది పనికిరానిదైపోతుంది. జపాన్‌లోనైనా, మా ఐ.భీమవరంలోనైనా.

తెలుపు పెరిగేకొద్దీ ఆ రొయ్యలు నాజూకైపోతాయని పెంచేవాళ్ళంతా అంటారు. కొద్దిపాటి పూర్వీకుల నుంచి వచ్చి, అన్నాచెల్లెళ్ళనే కలుపుతూ పోయిన సంతతి అలా కాకుండా ఎలా ఉంటుంది? నేనూ ఒకసారి పది తెచ్చాను. వాటికి మెత్తటి, కాస్త పులుపు నీళ్ళు, ఇరవై రెండు ఇరవై నాలుగు డిగ్రీల చల్లదనం కావాలి. మా అపార్ట్‌మెంటులో బోరు నీళ్ళు, మే నెల. పదిహేను రోజుల్లో పదీ పోయాయి. ఆ తర్వాత వాటి జోలికి వెళ్ళలేదు.

*

నియోకారిడినా కథలో సుజుకి లాంటి పేరు లేదు. తైవాన్‌లో పెంపకందారులు ఆ గోధుమరంగు వాగురొయ్యల్లో కాస్త ఎరుపు తగిలినవాటిని ఏరి ఏరి ఒక ఎర్రజాతిని నిలబెట్టారు. అది 2000ల తొలి సంవత్సరాల్లో జర్మనీ, అమెరికా తొట్టెల్లోకి చెర్రీ రొయ్యగా చేరింది. అప్పటి ఫొటోలు చూస్తే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. అద్దం మీద చెర్రీ రసం చిలకరించినట్టు, పారదర్శకమైన ఒంటిమీద ఎర్ర చుక్కలు, అంతే. ఆ చుక్కలు కలిసేదాకా ఏరారు, దాన్ని సకురా అన్నారు. ఒళ్ళంతా నిండేదాకా ఏరారు, ఫైర్ రెడ్ అన్నారు. కాళ్ళు కూడా ఎర్రబడి, వెలుతురుకి ఎదురుగా పెట్టినా అవతల కనపడనంత చిక్కబడితే పెయింటెడ్ ఫైర్ రెడ్. ఈలోగా పసుపు, నారింజ, నీలం, చాక్లెట్ రంగులు, మధ్యలో గాజులా ఉండి తలా తోకా ఎర్రగా ఉండే రిలి, అన్నీ ఈ ఒక్క గోధుమరంగు రొయ్యలోంచే వచ్చాయి. ఇరవయ్యేళ్ళలో ఇంత జరిగింది.

ఈ పని చేసేవాడు నిజంగా చేసేదేమిటో చెప్తాను, ఎందుకంటే బయటినుంచి ఇదేదో ప్రయోగశాల వ్యవహారంలా అనిపిస్తుంది. ఒక చిన్న వల, ఒక టార్చిలైటు, ఒక ఖాళీ తొట్టె, ఇవే సరంజామా. పిల్లలకి రెండు నెలలు వచ్చేదాకా ఆగాలి, అంతకుముందు రంగు తేలదు. అప్పుడు ఒక్కోదాన్నీ చూసి, బాగున్నది ఇటు, బాగోలేనిది అటు. ఆడవాటి విషయంలో ఇది తేలిక, అవి పెద్దగా, చిక్కటి రంగుతో ఉంటాయి. మగవి చిన్నవి, పాలిపోయినట్టుంటాయి, దాంతో కొత్తవాళ్ళందరూ మగవాటిని వదిలేస్తారు. ఎర్రటి ఆడవాటిని మాత్రమే ఏరుకుని, మగవి ఏవైతేనేం అనుకుంటే, రెండు మూడు తరాలకి చుక్కలు మళ్ళీ విడిపోవడం మొదలవుతుంది. సగం వారసత్వం తండ్రిదే కదా. పాలిపోయిన మగవాటిలో కాస్త తక్కువ పాలిపోయినదాన్ని పట్టుకునే కన్ను ఉన్నవాడే ఈ పనిలో మొనగాడు. రొయ్యకు లేవా బారెడు మీసాలు అని మనవాళ్ళు వెక్కిరిస్తారు గానీ, మగరొయ్యని తీసిపారేసినవాడు ఇక్కడ నష్టపోతాడు.

*

ఇప్పుడు పొరపాటు.

ఒక ఆదివారం పొద్దున్న, తీరిగ్గా ఏరదామని, తొట్టెలో ఉన్న రెండు నెలల పిల్లలన్నిటినీ వలతో పట్టి ఒక తెల్ల ప్లాస్టిక్ బేసిన్‌లో వేశాను. కోయ్ పెంచేవాళ్ళ తెల్ల గిన్నెలు చూసి నేర్చుకున్న తెలివి. ఈలోగా ఫోన్ వచ్చింది, తర్వాత టిఫిను, తర్వాత పక్కింటాయనతో లిఫ్టు గొడవ. రెండు గంటల తర్వాత బేసిన్ దగ్గర కూర్చుని చూస్తే మనసు కుంగిపోయింది. సగానికి సగం వెలిసిపోయి ఉన్నాయి. ఇన్నాళ్ళ కష్టం ఇదా అనుకుని, కోపం కూడా వచ్చి, 41 తీసేశాను. వాటిని ఏంజెల్ చేపలు పెంచే ఒక స్నేహితుడికి ఇచ్చేశాను. అతను అడక్కపోయినా ఎందుకో ఇద్దరికీ తెలుసు. ఏంజెల్ చేప రొయ్యపిల్లని వదలదు.

పది రోజుల తర్వాత అతను ఫొటో పంపాడు. నల్లమట్టి మీద, దట్టమైన నాచులో దాక్కుని బతికిపోయిన ఆరు రొయ్యలు. నిప్పుకణికల్లా ఉన్నాయి. నా తొట్టెలో నేను ఉంచుకున్నవాటికంటే ఎర్రగా. "ఇవి నువ్విచ్చినవేనా?" అని కింద రాశాడు.

అప్పుడు చదవడం మొదలుపెట్టాను. రొయ్య చర్మం కింద వర్ణకణాలుంటాయి, నక్షత్రంలా కొమ్మలున్న కణాలు. వాటిలో రంగు రేణువులు కొమ్మల్లోకి పరుచుకుంటే ఒళ్ళు ముదురు రంగు, మధ్యలోకి ముద్దగా ముడుచుకుంటే వెలిసిన రంగు. నల్ల నేలమీద పరుచుకుంటాయి, తెల్ల నేలమీద ముడుచుకుంటాయి. వాగులో కొంగ కంట పడకుండా ఉండే ఉపాయం. దీనికి ఆజ్ఞ ఎక్కణ్ణుంచి వెళుతుందో 1928లో పెర్కిన్స్ అనే అమెరికన్ చూపించాడు. నరాలు తెంపినా రంగు మారడం ఆగలేదు. రొయ్య కంటికాడ నలిపి ఆ రసం ఎక్కిస్తే మాత్రం ముదురు రొయ్య వెలిసిపోయింది. కళ్ళ కాడల్లో ఉన్న గ్రంథి నెత్తురులోకి వదిలే హార్మోను పని ఇది. 1972లో ఫెర్న్‌లుండ్, యోసెఫ్సన్ అనే ఇద్దరు దాని రసాయన నిర్మాణం తేల్చారు. ఎనిమిది ఎమైనో ఆమ్లాల గొలుసు. నేను ఆ 41 రొయ్యల్లో ఏరింది వంశాన్ని కాదు, నా బేసిన్ రంగుని.

కంటికాడ అనేసరికి నాకు మా తీరం గుర్తొచ్చింది. అదే కాడలో ఆడరొయ్య గుడ్లు ముదరకుండా ఆపే హార్మోను కూడా ఉంటుందని 1943లో పనూజ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చూపించాడు. కాడ తీసేస్తే గుడ్లు త్వరగా ముదురుతాయి. ప్రపంచంలో చాలా రొయ్యపిల్లల హేచరీలు ఈ కిటుకు మీదే ఆధారపడ్డాయి. విశాఖ నుంచి నెల్లూరు దాకా సముద్రపొడ్డున ఉన్న హేచరీల్లో తల్లిరొయ్య ఒక కన్ను చిదమడం అందరికీ తెలిసిన పని. చిన్నప్పుడు నేనూ చూశాను. ఒంటికంటి తల్లులు గుండ్రటి ట్యాంకుల్లో తిరుగుతుంటే, ఎందుకలా అని అడిగితే, అలా అయితేనే పిల్ల వస్తుంది అన్నారు, అంతే. 2009 తర్వాత వచ్చిన వన్నామీ తల్లులైతే విదేశాల్లో తరాల తరబడి ఏరి తయారుచేసినవి. ఎదుగుదల కోసం, రోగం లేకపోవడం కోసం. మా చెరువులోనూ ఏరివేతే నడుస్తోందన్నమాట. ఏరే చెయ్యి సముద్రాల అవతల ఉంది గనక మాకు కనపడలేదు.

*

ఇంకో తప్పు కూడా చేశాను, ఇది అందరూ చేసేదే. ఎర్రవి ఉన్నాయి కదా, కొన్ని నీలివి, కొన్ని పసుపువి తెచ్చి అందులోనే వేస్తే రంగులవల్లిలా ఉంటుందనుకున్నాను. మొదటి రెండు నెలలు అలాగే ఉంది. ఏడాది తిరిగేసరికి కొత్తగా పుట్టినవన్నీ గోధుమరంగు. తైవాన్‌వాళ్ళు అన్నేళ్ళు ఏరి పక్కకి నెట్టిన వాగురొయ్య మా హాల్లోకి నడిచొచ్చింది.

దీన్ని అచ్చంగా ఇలాగే చూసినాయన ఒకడున్నాడు. 1855లో చార్లెస్ డార్విన్ పావురాలు పెంచడం మొదలుపెట్టాడు. లండన్‌లో పావురాల క్లబ్బులు రెండింటిలో చేరి, పెంపకందార్ల పక్కన కూర్చుని వాళ్ళ మాటలు విన్నాడు. తర్వాత తెల్ల ఫాన్‌టెయిల్‌ని నల్ల బార్బ్‌తో కలిపాడు, వాటి సంకరాల్ని ఇంకో సంకరాలతో కలిపాడు. తాతముత్తాతల్లో ఎక్కడా లేని నీలిబూడిద రంగు, రెక్కమీద రెండు నల్ల పట్టీలు ఉన్న పావురం పుట్టింది. అది బండరాళ్ళలో బతికే అడవి పావురం వేషం. పెంపుడు పావురాల జాతులన్నీ ఒక్క మూలం నుంచే వచ్చాయని చెప్పడానికి 1859 నాటి పుస్తకంలో ఆయన చూపించిన సాక్ష్యాల్లో ఇదొకటి. డార్విన్‌కి సిద్ధాంతమై కూర్చున్న సంగతి నాకు పదిహేను వందల రూపాయల నష్టంగా తేలింది.

ఒక్కో రంగు ఒక్కోచోట ఏదో ఒకటి ఆగిపోవడం వల్ల వస్తుందనుకుంటే ఇది అర్థమవుతుంది. ఎర్రదానిలో ఆగినది నీలిదానిలో సరిగ్గా ఉంటుంది, నీలిదానిలో ఆగినది ఎర్రదానిలో సరిగ్గా ఉంటుంది. రెండూ కలిస్తే పిల్లలో ఏదీ ఆగదు, పాతరూపం పూర్తిగా బయటికొస్తుంది. పెంచేవాళ్ళు దీన్ని చెడిపోవడం అంటారు. వాగులో ఉండే రొయ్య అయితే ఏమంటుందో!

*

మరి ఏరేసినవి ఏమవుతాయి? దీని గురించి అమ్మకపు పేజీల్లో ఉండదు. కొందరు చేపలకి వేస్తారు. కొందరు కల్ ట్యాంకు అని విడిగా ఒకటి పెట్టి అందులో బతకనిస్తారు. కొందరు ఫ్రీజర్‌లో పెడతారు. కొందరు, అన్నిటికంటే దయగా అనుకుంటూ, దగ్గర్లో ఉన్న చెరువులో వదిలేస్తారు.

ఆ దయ సంగతి జర్మనీవాళ్ళకి తెలుసు. అక్కడ గిల్‌బాఖ్ అనే వాగులోకి విద్యుత్కేంద్రం నుంచి వేడినీళ్ళు వస్తాయి గనక అది చలికాలంలోనూ గడ్డకట్టదు. ఆ వాగులో నియోకారిడినా డేవిడి స్థిరపడి సంతానం పెంచుకుంటోందని 2013లో ప్రచురించారు. హవాయి ద్వీపాల్లో అంతకుముందే, 1999లోనే, దీని దగ్గరి జాతి అంటూ కెంప్ పెట్టిన పేరుతో నమోదు చేశారు. మా అపార్ట్‌మెంటు వెనక ఒక చెరువుంది. మురుగు కలిసినా ఇంకా చెరువే. గోధుమరంగు పిల్లలు వందకి చేరినప్పుడు వాచ్‌మన్, "ఎందుకు సార్ చంపుడు, అండ్ల ఇడిశిపెట్టుండ్రి" అన్నాడు. జర్మనీలో కనీసం చలి ఉంది. ఇక్కడ ఏ వాగైనా వేడినీళ్ళ వాగే. కుదరదన్నాను. అతనికి నేను కర్కోటకుడిలా కనిపించి ఉంటాను.

చంపితే వాటికి నొప్పి తెలుస్తుందా? బెల్‌ఫాస్ట్‌లో రాబర్ట్ ఎల్‌వుడ్, ఆయనతో పనిచేసినవాళ్ళూ రొయ్యల మీసానికి కాస్త వెనిగర్ లాంటి ఆమ్లం రాశారు. రొయ్య ఆ మీసాన్నే పదేపదే తుడుచుకుంది, గోడకేసి రుద్దుకుంది. మొద్దుబారే మందు ముందే రాస్తే తక్కువ తుడుచుకుంది. తర్వాత వేరేవాళ్ళు వేరే జాతుల మీద చేస్తే అలా రాలేదన్నారు, వాదన ఇంకా ఉంది. బ్రిటన్ మాత్రం 2022లో చేసిన చట్టంలో పీతల్నీ రొయ్యల్నీ కూడా బాధ తెలిసే ప్రాణుల కింద చేర్చింది. రొయ్యల వేపుడు ఇష్టంగా తినేవాణ్ణి నేను, ఇప్పటికీ తింటాను. ఆ వాదనలో ఏ పక్కన కూర్చోవడానికీ నాకు మొహం చెల్లదు. అయితే తినడానికి చంపడం ఒకటి, ఎరుపు చాలలేదని చంపడం ఒకటి. రెండోదానికి నా దగ్గర అమ్మకి చెప్పగలిగే కారణం లేదు. అందుకని ఏరడం మానలేదు గానీ చేపలకి వెయ్యడం మానేశాను. బాల్కనీలో రెండో తొట్టె పెట్టాను. ఏరడానికి తెల్ల బేసిన్ తీసేసి, తొట్టెలో ఉన్న ఇసుకలాంటి నల్ల ఇసుకే పోసిన గిన్నె వాడుతున్నాను. వేసి ఒక పూట ఆగి, అప్పుడు చూస్తాను. మగవాటిని రెండుసార్లు చూస్తాను.

స్నేహితుడి దగ్గర మిగిలిన ఆరింటిలో రెండు ఆడవి గుడ్లతో ఉన్నప్పుడు వెళ్ళి తెచ్చుకున్నాను. అతను ఊరికే ఇవ్వలేదు, నాలుగు కట్టల నాచు తీసుకున్నాడు. ఇప్పుడు హాల్లో ఉన్న ఎర్రవాటిలో చాలా భాగం ఆ రెండింటి సంతానమే.

పోయిన నెల అమ్మ వచ్చినప్పుడు హాల్లో కూర్చోలేదు, బాల్కనీలో గోధుమరంగు తొట్టె ముందు కుర్చీ వేసుకుంది. గంటసేపు చూసి, "వాటికంటే ఇవే హుషారుగా ఉన్నాయిరా. మేత వెయ్యగానే ఎలా వచ్చాయో చూడు" అంది. చెరువు గట్టున చెక్‌ట్రే లేపి చూసే కన్ను ఆవిడది, నేను కాదనలేదు. నిన్న లెక్కపెడితే లోపల 130, బయట 210 దాకా ఉన్నాయి. మూడో తొట్టె ఎక్కడ పెడతావని మా ఆవిడ అడుగుతోంది.